పదకొండు మిల్లీమీటర్లు

"వంట నువ్వే చెయ్యి. వడ్డించడానికి మాత్రం అమ్మ వస్తుంది," అన్నారు మా ఆయన.

ఆయన సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్. ఆదివారం మా ఫిల్మ్‌నగర్ ఇంటికి నిర్మాత కుటుంబం భోజనానికి వస్తోంది. నా చూపుడువేలి మీద పుండు వాళ్ళ కంటపడకూడదట. అంటుకునేది కాదని చెప్పాను. "చూసేవాళ్ళకి ఆ సంగతి తెలీదుగా కౌసల్యా," అన్నారు. అత్తయ్య ఆ మాటకి తల ఊపుతూనే వంకాయల గిన్నె నా ముందుకు జరిపారు.

నా భయం వేరు. అది 1996. నేను పనిచేసే ల్యాబ్‌లో చర్మం మీద పుండ్లు పుట్టించే ఒక పరాన్నజీవిని ఎలుకల పాదాల్లోకి ఎక్కించి చూసేవాళ్ళం. గాయం మానడానికి ఒంట్లో పుట్టే పదార్థం ఒకటుంది, గ్రోత్ ఫ్యాక్టర్ అంటాం. దాన్ని కూడా కలిపి ఎక్కించిన ఎలుకల పాదాలు మిగతావాటికంటే రెండింతలు వాచాయి. మాన్పడానికి ఉన్నదాన్నే వాడుకుని ఆ జీవి పెరుగుతోంది. ఈ సంగతి తేలిన వారమే ఎలుక గింజుకుని, సూది నా వేల్లో దిగింది. మా ల్యాబ్ పెద్ద ఆదినారాయణగారు స్పిరిట్‌తో తుడుచుకోమన్నారు. బయటికి పొక్కితే ప్రాజెక్టు ఆగిపోతుందన్నారు. ఆరు వారాలకి చిన్న పొక్కు లేచింది. రోజూ స్నానాలగది గడియ పెట్టుకుని స్కేలుతో కొలుచుకునేదాన్ని. నాలుగు మిల్లీమీటర్లు. ఏడు. పదకొండు. బియ్యం కడుగుతున్నా, మా ఆయన చొక్కాలకి గంజి పెడుతున్నా, నా ఒళ్ళే దాన్ని మేపుతోందన్న ఆలోచన వదిలేది కాదు. ఇంట్లో చెబితే, "అందుకే ఉద్యోగం మానెయ్యమన్నాం," అంటారు.

భోజనాలయిన మర్నాడు, సోమవారం, ఎలుకల పంజరాలు కడిగే భూలక్ష్మి నా బల్ల దగ్గరికొచ్చింది. "మేడం, గిది జర చూడుండ్రి," అని కొంగు తప్పించి ముంజేయి చూపించింది. రూపాయి బిళ్ళంత పుండు, చుట్టూ గట్టుకట్టి ఉంది. మూడు నెలల కిందట చెత్తబుట్ట ఎత్తుతుంటే సూది గుచ్చుకుందట.

"సారు తామరన్నడు. మలాం ఇచ్చిండు. ఎవ్వలకు చెప్పొద్దన్నడు."

నన్ను నోరు మూసుకోమన్నప్పుడు అది నా ఒక్కదాని సంగతే అనుకున్నాను. డాక్టరు దగ్గరికి పోదామన్నాను. పని పోవచ్చని కూడా చెప్పాను.

"చెయ్యే పోతే పనెట్ల జేస్త మేడం?" అంది.

ఆ మధ్యాహ్నమే శ్రీనగర్ కాలనీలో చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళాం. ఆయన రెండు పుండ్లూ మార్చి మార్చి చూశాడు. ఇలాంటివి ఈ ఊళ్ళో కనిపించవే, ఎక్కడ తగిలించుకున్నారని అడిగాడు. భూలక్ష్మి నా మొహంలోకి చూసింది.

"మా ల్యాబ్‌లో," అన్నాను. "ఇద్దరికీ. మా పేర్లు రాసుకోండి."