ఆకు ముద్ర పడిన గుడ్లు

ఇన్సాఫ్ కోళ్లకు ఆ ఇంట్లో వసంతకాలం పండగ దాకానే నూకలున్నాయని చుట్టుపక్కల అందరికీ తెలుసు. పెద్ద తోడికోడలు ఫిర్యాల్ చలికాలం నుంచీ మేడ మీద గది వేయించాలని పోరు పెడుతోంది. కొడుకు పెళ్లీడుకొచ్చాడు. గది లేవాలంటే గూడు పోవాలి. పైగా ఆరేసిన బట్టల మీద ఈకలు, మెట్ల మీద రెట్టలు, వేసవిలో కంపు. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

ఇన్సాఫ్ దగ్గరున్న జవాబు ఒక్కటే: ఇంటి గుడ్డు. హజ్ చేసొచ్చిన అత్తగారు హాజ్జా జలీలా పొద్దున్నే నేతిలో వేయించిన రెండు గుడ్లు తింటే గాని నోరు విప్పదు. ఆ గుడ్లు ఇన్సాఫ్ కోళ్లవి. కింద వంటింట్లో ఫిర్యాల్ మాట సాగుతుంది, వీధిగదిలో మగవాళ్ల మాట సాగుతుంది. ఇన్సాఫ్ మాట సాగేది మేడ మీదే, ఆ కోళ్ల మధ్యే.

"కొట్లో అట్టల్లో దొరికేవీ గుడ్లే హాజ్జా. కడిగి, ఏరి, తెల్లగా ముత్యాల్లా పెడతారు" అంది ఫిర్యాల్ ఒకరోజు.

"అలాగా! అయితే షమ్ ఎల్-నసీమ్ పండగనాడు ఇద్దరూ చెరో గిన్నె ఉడకేసి కాలవ గట్టుకి పట్టుకురండి. తిని చెబుతా, మేడ ఎవరిదో" అంది హాజ్జా. నవ్వుతూనే అంది. కానీ ఆ ఇంట్లో ఆమె నవ్వుతూ అన్న మాటలే ఎక్కువగా అమలయ్యాయి.

పండగ గుడ్డుకు రంగెయ్యడం ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ చేతనైన పనే. ఫిర్యాల్ కొట్లో కొన్న గుడ్లను ముందు రోజే ఎర్ర గోంగూర పూలు వేసిన నీళ్లలో ఉడకబెట్టింది. అవి బూడిద కలిసిన నీలంగా తేలాయి. ఇన్సాఫ్ తొందరపడలేదు. ఎంత తాజాదైతే అంత గొప్ప అని ఆమె నమ్మకం. తెల్లారగానే మేడెక్కి, కోళ్ల కింద చెయ్యిపెట్టి, వెచ్చగా ఉన్న గుడ్లు తీసుకొచ్చి ఉల్లిపొట్టు నీళ్లలో వేసింది. నిన్న సాయంత్రం పెట్టినవి కూడా కలిపింది. అయినా గిన్నె నిండలేదు.

చుక్కల పెట్ట ఒకటి కొన్నాళ్లుగా గూట్లో గుడ్డు పెట్టడం మానేసింది. దానికోసం వెతికితే రొట్టెలు కాల్చే పాత పొయ్యి వెనక, గడ్డిలో, దాని దొంగ గూడు దొరికింది. ఆ గుడ్లు ఎన్నాళ్లవో దానికే తెలియాలి. నీళ్లలో వేసి చూసింది. తేలలేదు గాని బుద్ధిగా పడుకోనూ లేదు, ఒక కొస పైకెత్తి నిలబడ్డాయి. చెడిపోలేదు, నిలవవి, అంతే. లెక్కకు పనికొస్తాయి. కానీ పరాయి నోట్లో పడకూడదు, తనే తినెయ్యాలి. గుర్తు కోసం వాటి మీద ఒక్కో కొత్తిమీర ఆకు అద్ది, పాత మేజోడు ముక్కతో బిగించి కట్టి ఉడకేసింది. విప్పి చూస్తే ఎర్రటి గుడ్డు మీద తెల్లటి ఆకు అచ్చు. ఆ గిన్నెలో అంత అందమైన గుడ్లు మరి లేవు. గుర్తు అంత అందంగా రావడం మంచిది కాదని ఆమెకు అప్పుడు తోచలేదు.

కాలవ గట్టు మీద చాప పరిచేసరికి జనం కిటకిటలాడుతున్నారు. ఉప్పులో ఊరిన ఫసీఖ్ చేప వాసన గట్టంతా పరుచుకుంది. ఉల్లికాడలు, నిమ్మకాయలు, రొట్టెలు మధ్యలో పెట్టారు. ఫిర్యాల్ అన్న మహ్రూస్ కూడా వచ్చాడు. మినీబస్సు నడుపుతాడు, నోరు మాత్రం బస్సు ఆగినా ఆగదు.

"ముందు ఇంటి గుడ్డు కానిద్దాం" అని ఇన్సాఫ్ గిన్నెలోంచి ఒకటి తీసి మోకాలికి కొట్టాడు. పెంకు రాలేదు. గోటితో లాగితే తెల్లసొనతో సహా ఊడింది. ఇంకో చోట లాగితే ఇంకో ముక్క. చివరికి చేతిలో మిగిలింది ఎలక కొరికిన సబ్బుముక్కలా ఉంది.

"చెల్లెమ్మా, దీన్ని తినాలా, గోడకి వెయ్యాలా?"

అందరూ నవ్వారు. పక్క చాపవాళ్లు కూడా మెడలు సాచారు. ఇంకొకరు ఇంకోటి ఒలిచారు, అదీ అంతే.

"నిలవ గుడ్లురా అన్నయ్యా" అంది ఫిర్యాల్ తాపీగా. "పెంకు అంటుకుందంటే నిలవదే. మా అమ్మ ఎప్పుడూ అనేది."

"కోడి కిందనుంచి తీశానక్కా, ఈ చేత్తోనే! ఇంకా వెచ్చగా ఉన్నాయి."

"ఎండలో పెడితే గులకరాయైనా వెచ్చగానే ఉంటుందమ్మా" అంది ఫిర్యాల్.

ఫిర్యాల్ తల్లి మాట ఇన్సాఫ్ తల్లి కూడా అన్నదే. పెంకు అంటుకుంటే నిలవది. ఇన్నాళ్లూ తనూ అదే నమ్మింది. తన నమ్మకమే తన మీద సాక్ష్యం చెబుతోంది. ఇంతలో ఫిర్యాల్ తన నీలం గుడ్డు నేలకు కొట్టి, పెంకును ఒక్క లాగులో ఊడదీసి, నున్నటి గుడ్డును హాజ్జా ముందు పెట్టింది.

హాజ్జా దాని వంక చూడలేదు. "ఆ ఆకుబొమ్మది ఇటివ్వు" అంది.

"అది వద్దు హాజ్జా, వేరేది నేను ఒలిచిస్తా."

"ఎందుకొద్దు? బాగున్నవి నీకు దాచుకున్నావా?"

ఆమె చెయ్యి చాచి తీసుకుంది, పళ్లేనికి తట్టింది, బొటనవేలితో తోసింది. పెంకు చొక్కా విప్పినంత సుళువుగా వచ్చేసింది. ఇన్సాఫ్ ఇంకో ఆకు గుడ్డు తీసి ఒలిచింది. అదీ అలాగే వచ్చింది.

అప్పుడు ఆమెకు అంతా అర్థమైంది. నిలవ గుడ్డే పెంకు వదులుతుంది. తాజాదే అంటుకుంటుంది. తల్లులందరూ తిరగేసి చెప్పారు. ఫిర్యాల్ గుడ్లు నున్నగా రావడం కూడా కొట్లో పడి ఉన్న పుణ్యమే. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాట నిలబడాలంటే హాజ్జా చేతిలోది దొంగ గూటిదని, ఎన్నాళ్లదో తనకే తెలియదని చెప్పుకోవాలి. పండగపూట, నలుగురిలో. ఇన్సాఫ్ ఉల్లికాడ కొరికి ఆ మాటను దానితో కలిపి మింగేసింది.

హాజ్జా రెండు గుడ్లనూ దారంతో కోసింది. ఆకు గుడ్డులో సొన ముదురు నారింజ రంగులో ఉంది. నీలం గుడ్డులో పాలిపోయి ఉంది, దాని చుట్టూ ఆకుపచ్చ వలయం కూడా.

"ఇదేంటమ్మా, విషంలా?" అని నీలందాన్ని పక్కకు నెట్టింది. పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచితే ఏ గుడ్డుకైనా పడే వలయమది. ఆ సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు. "సత్తువంటే ఇదీ" అంటూ నారింజ సొన నోట్లో వేసుకుంది. కోళ్లకు పచ్చగడ్డి వేసినన్నాళ్లు సొన అలా ఉంటుందని, వేసవిలో గడ్డి దొరక్కపోతే అవే కోళ్లు పాలిపోయిన సొన ఇస్తాయని, ఆ సత్తువంతా గడ్డి రంగేనని ఇన్సాఫ్‌కు తెలుసు. అదీ చెప్పలేదు.

"గది మెట్ల పక్కన వేసుకోండి, చిన్నదైనా సరే" అంది హాజ్జా వేళ్లు నాక్కుంటూ. "గూడు కదలదు."

మహ్రూస్ చెల్లెలి వైపు చూసి భుజాలెగరేశాడు. ఫిర్యాల్ చేప ముళ్లు ఏరుకుంటూ కూర్చుంది. సాయంత్రం గిన్నెలు కడుగుతూ ఫిర్యాల్ ఇన్సాఫ్ దగ్గరకు జరిగింది.

"నిజం చెప్పవే. ఆకున్నవాటికే పెంకు వచ్చింది, లేనివాటికి రాలేదు. ఆకు ఏం చేస్తుంది?"

ఇన్సాఫ్ తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. ఇంత సూటిగా ఆ ఇంట్లో తనను ఎవరూ ఏదీ అడిగి ఎరగరు.

"కొత్తిమీరేనక్కా. గట్టిగా బిగించి కట్టాలి."

మరుసటి ఏడు పండక్కి ఆ వీధిలో కొత్తిమీర కట్టని గుడ్డు లేదు. కొట్లో కొన్నవాళ్లకు పెంకు సుళువుగా వచ్చింది, ఆకు మహిమన్నారు. పెరటి కోళ్లు పెట్టిన గుడ్లు పొద్దున్నే ఉడకేసినవాళ్లకు రాలేదు. వాళ్లు ఇన్సాఫ్‌ను అడగడానికి మేడెక్కారు. ఆమె కోళ్లకు గడ్డి వేస్తూ, కొత్తిమీర వాడిపోయి ఉంటుందని చెప్పి పంపింది.