నాలో మిగిలిన కడుపు ముక్క

నేను ఒక మైనపు దిమ్మెను. అగ్గిపెట్టెలో సగం ఉంటాను. నా నడుమ బియ్యపు గింజంత మాంసం ముక్క ఉంది. అది గురువులు అనే వంట మేస్త్రీ కడుపులోది. వెయ్యి మందికి పెళ్ళిభోజనం వండే మనిషి రెండు ముద్దలు తినలేకపోతే, కెమెరా గొట్టం వేసి దాన్ని తీశారు. శ్రీకాకుళం ల్యాబులో కరిగిన మైనం పోసి నన్ను తయారుచేశారు. అప్పటినుంచీ అందరూ నన్ను చూసి జంకుతారు, జబ్బు నేనే తెచ్చినట్టు!

గురువులు రక్తంలో ఒక ప్రోటీన్ పది లోపు ఉండాల్సింది ఆరు వేలు దాటింది. అది తల్లి గర్భంలో బిడ్డ తయారుచేసుకునే ప్రోటీన్. పెద్దవాళ్ళలో పెరిగితే ముందు కాలేయ క్యాన్సర్‌నే అనుమానిస్తారు. స్కానులో కాలేయం మీద మచ్చ కూడా కనపడింది. ఇంకేం, కడుపులో ఉన్నదీ కాలేయం నుంచి పాకిందేనని, అక్కడి డాక్టరు కాలేయ క్యాన్సర్‌కు మందు రాసేశాడు. వచ్చే సోమవారం మొదలుపెట్టాలన్నాడు.

ఆ కాగితాలు చూసిన, ఇలాంటి ముక్కలు పరీక్షించే విశాఖ డాక్టర్ వసుంధర మాత్రం ఒప్పుకోలేదు. "కడుపులో పుట్టిన క్యాన్సర్ కూడా అరుదుగా ఆ ప్రోటీన్ తయారుచేస్తుందమ్మా. తప్పు మందు పడితే మనిషి దక్కడు. ముందు ఆ దిమ్మె తీసుకురా" అని గురువులు భార్య పైడమ్మకు ఫోనులో చెప్పింది.

పైడమ్మ శనివారం నన్ను చేతిసంచిలో వేసుకుని బస్సెక్కింది. మే నెల. ముందు సీట్లో కూర్చుని, సంచిని ఇంజను బానెట్ మీద పెట్టింది. అరవై డిగ్రీలకు నేను కరిగిపోతాను. అంచులు మెత్తబడుతున్నాయి. అరుద్దామంటే నోరు లేదు.

"సంచిలో ఏటున్నాదమ్మా?" డ్రైవరు అడిగాడు.

"మా ఆయన కడుపులో ముక్క బాబూ. మైనంలో ఎట్టారు."

"మైనమా! తియ్యమ్మా, తియ్యి! అక్కడెడితే అన్నమే ఉడికిపోద్ది!"

ఆవిడ చటుక్కున సంచి లాగేసుకుంది. నన్ను తడి తువ్వాలులో చుట్టి, విశాఖ దాకా ఒళ్ళోంచి దించలేదు. నాకు ఏడుపొచ్చింది.

అక్కడ ఇంకో గండం. పాత ల్యాబువాళ్ళు ముక్కను చాలావరకు కోసేశారు. ఇంకా నాలుగు పరీక్షలకు నాలుగు పొరలు కావాలి.

"ఒక్కటి చెడినా మళ్ళీ గొట్టం వెయ్యాలి జోగారావూ. ఆయనకి అంత ఓపిక లేదు" అంది వసుంధర.

టెక్నీషియన్ జోగారావు ఊపిరి బిగబట్టి కోశాడు. మూడో పొర ముడుచుకుపోయింది. గోరువెచ్చని నీళ్ళ మీద వేసి, కుంచె కొసతో మెల్లగా విప్పాడు. నాలుగోది కోసేసరికి నాలో ఇంకేమీ మిగల్లేదనిపించింది.

ఆదివారమంతా వసుంధర మైక్రోస్కోపు వదల్లేదు. రంగులు వేసిన పొరలన్నీ చూశాక, "కాలేయం వేషం వేసింది గానీ, పుట్టింది కడుపులోనే" అంది. సోమవారం పొద్దున్నే మందు మార్చారు.

నాలుగు నెలల మందుకు మచ్చ చిన్నదయింది. ఆపైన ఆపరేషన్ చేసి దాన్నీ, ముప్పాతిక కడుపునూ తీసేశారు. ఆరు వేల అంకె తొమ్మిదికి దిగింది. మళ్ళీ పెరగదని వసుంధర మాటివ్వలేదు, మూడు నెలలకోసారి రక్తపరీక్షకు రమ్మంది.

మొదటిసారి వచ్చినప్పుడు గురువులు నన్ను చూస్తానన్నాడు. వరండా బల్ల మీద కూర్చుని, అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"సూసింది సాలు. పదకొండయిపోనాది, ఇడ్లీ తినండి" అంటూ పైడమ్మ డబ్బా తెరిచింది.

"ఒకటేనా?"

"ఒకటే. మళ్ళీ ఒంటిగంటకి ఇంకోటి."

సగం ముక్క చట్నీలో ముంచి, నమిలి, మొహం చిట్లించాడు. "ఉప్పు సాల్లేదే."

మందులు మొదలైన నాటినుంచీ నోటికి రుచే తెలియని మనిషి ఆయన. పైడమ్మ చట్నీ గిన్నె పట్టుకుని అక్కడే ఏడ్చేసింది.