నాలుగు వేళ్ల సందు

నాలుగు నెలల్లో పిడుగు యాభై మూడు సైకిళ్లు చూసింది. ఒక్కటీ కొనలేదు. ల్యాప్‌టాప్‌లో పెద్ద పట్టిక ఒకటి వేసుకుని, వరసకో సైకిలు చొప్పున నింపుకుంటూ పోయింది. బరువెంత, టైరు వెడల్పెంత, ముందు గొట్టం ఎంత వాలుంది, అన్నీ రాసింది. చిట్టచివరి కాలమ్‌కి మాత్రం "చూడగానే ఏమనిపించింది" అని పేరు పెట్టింది. ఆ కాలమ్‌లో పైనుంచి కిందిదాకా దాదాపు ఒకటే మాట: "ఏమీ అనిపించలేదు."

పిడుగు అనేది ఇంట్లో పెట్టిన పేరు. ఆఫీసులో ఆమె పని వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఇది పనిచెయ్యట్లేదు, అది కూడా పనిచెయ్యట్లేదు" అని చెప్పి ఇంటికొస్తుంది. వచ్చాక ఆ నోరు వెంటనే ఆగదు కాబట్టి ఇంట్లోవాళ్లు ఆ టైముకి కొంచెం దూరంగా మసులుకుంటారు.

ఈ సైకిలు గోలంతా డ్రిల్లు మేడం వల్ల. ఆవిడ రిటైరైన స్కూలు డ్రిల్లు టీచరు. ఏడాదికోసారి ఆరుగురిని వెంటేసుకుని రెండు రోజుల పాటు కొండ దారుల్లో సైకిళ్ల మీద తిప్పుతుంది. ఆరుగురంటే ఆరుగురే, బతిమాలినా బామాలినా ఏడో మనిషిని రానివ్వదు. రెండేళ్లుగా ఆ ఏడో మనిషి పిడుగే. ఈసారి ఎవరిదో మోకాలు మొరాయించడంతో ఆరో చోటు ఆమెకి దక్కింది. కానీ ఒక మెలిక ఉంది. ప్రయాణం ఆదివారమైతే, ముందు గురువారం సాయంత్రమే సైకిలు తీసుకెళ్లి మేడంకి చూపించాలి. ఆవిడ తల ఊపితేనే చోటు.

"ఇంతకీ నీకేం కావాలే?" అన్నాడు బాబాయి ఒకరోజు, పట్టిక చూసీ చూసీ కళ్లు నులుముకుంటూ. బాబాయి వెల్డరు. ఆ వీధిలో ఏ గేటు తీసినా ఆయన చేతి పనే.

"ముందు చక్రానికి షాకులుండాలి బాబాయ్, వెనక ఏమీ ఉండకూడదు. హార్డ్‌టెయిల్ అంటారు. వెనక కూడా షాకులున్నాయనుకో, అవి పాడైతే అడవిలో కూర్చుని ఏడవడమే. ఫ్రేమేమో ఉక్కుది కావాలి."

"ఉక్కే ఎందుకు?"

"రాళ్ల మీద కొంచెం ఊగుతుందట. నడుం విరగ్గొట్టదట."

"అంటే నాలుగు నెలలు కంప్యూటర్లో తవ్వి తవ్వి, చివరికి మా షెడ్డులో మూల పడున్న ఉక్కునే కనిపెట్టావన్నమాట."

యాభై మూడింటిలో ఉక్కువి ఏడు. ఆ ఏడింటిలో పిడుగుకి సరిపడేది ఒక్కటీ లేదు. ఆమె ఎత్తు అయిదడుగుల మీద ఒక్క అంగుళం. సైకిళ్లు చేసేవాళ్లు అలాంటి మనుషులు కొండలెక్కరని తీర్మానించుకున్నట్టున్నారు.

"నేను చేస్తాలే," అన్నాడు బాబాయి.

ముందు గదిలో కుట్టు మిషను టక్కున ఆగింది. పిన్నిది దర్జీ పని. ఆ మిషను ఆగిందంటే ఆవిడ వింటోందని అర్థం. "అది గేటు కాదు, కొండ మీదకెళ్లే బండి. చూసుకుని మాటివ్వండి," అంది. మళ్లీ మిషను మొదలైంది.

బాబాయి ఏది చేసినా ముందు షెడ్డు నేల మీద సుద్దముక్కతో అసలు సైజులో గీస్తాడు. కాగితం మీద చిన్నగా గీస్తే చెయ్యి అబద్ధమాడుతుందంటాడు. గీత తుడిచేదాకా దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు. ఇంకో రూలు కూడా ఉంది. బూట్లు లేకుండా షెడ్డులోకి ఎవరూ రాకూడదు. ఒకప్పుడు ఎర్రగా కాలిన ముక్క ఆయన చెప్పులో పడింది. అప్పట్నుంచీ గుమ్మం దగ్గర వచ్చేవాళ్ల కోసం ఓ జత బూట్లుంటాయి. ముందు ఇనప టోపీ, కింద ఇటుకంత అడుగు. అవేసుకుంటే పిడుగు కూడా మనుషుల్లో మనిషిలా కనిపిస్తుంది.

కొలతలు పిడుగే తీసుకుంది. షెడ్డు గోడకి ఆనుకుని నిటారుగా నిలబడి, గట్టి అట్ట పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పైదాకా ఎత్తిపట్టి, దాని అంచు దగ్గర గోడ మీద గీత గీసి, నేల నుంచి టేపుతో కొలిచింది. అంతటితో వదిలితే ఆమె పిడుగెందుకవుతుంది? వారం తర్వాత మళ్లీ కొలిచింది. ఇంకో వారానికి ఇంకోసారి. మూడుసార్లూ ఒకటే అంకె వచ్చింది.

ఆరు ఆదివారాలు పట్టింది. తెప్పించిన గొట్టాలు చూసి బాబాయి నోరెళ్లబెట్టాడు. "ఇది గొట్టమా, కాగితమా?" ఎప్పటిలా వెల్డింగు పెడితే మొదటిది కాలి చిల్లుపడింది. దాంతో గ్యాసు మంట, ఇత్తడి కడ్డీ తీశాడు. ఇత్తడి కరిగి అతుకు చుట్టూ తేనెలా పాకుతుంటే ఊపిరి బిగబట్టి చూసేవాడు. ఒక్కో అతుకుని మర్నాడు గుడ్డతో తుడిచి, కళ్లద్దాలు పైకి తోసి, ఇటు తిరిగి అటు తిరిగి చూసుకునేవాడు. ముప్పై ఏళ్లలో ఏ గేటునీ ఆయన అలా చూడగా పిన్ని చూడలేదట.

గురువారం మధ్యాహ్నానికి చక్రాలెక్కించారు, గొలుసు వేశారు, బ్రేకులు బిగించారు. పిడుగు వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. సైకిలు గాల్లో తేలినట్టుంది. దిగేటప్పుడు మాత్రం మునివేళ్ల మీద నిలబడాల్సొచ్చింది. కొత్త కదా, అలవాటవుతుందిలే అనుకుంది. ఇదే సంగతి ఆఫీసులో ఎవరైనా చెప్పుంటే వాళ్ల తాట తీసేది.

స్కూలు గ్రౌండులో డ్రిల్లు మేడం మెళ్లో విజిలుతో నిలబడి ఉంది. సైకిలు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసింది. అతుకుల మీద గోటితో గీకింది. "ఎవరు చేశారు?"

"మా బాబాయి," అంది పిడుగు, ఆయన్ని ముందుకి తోస్తూ.

"బావుంది. ఎక్కు. ఇప్పుడు సీటు దిగి ముందుకొచ్చి నిలబడు. రెండు పాదాలూ పూర్తిగా నేల మీద ఉండాలి."

పిడుగు నిలబడింది. నిలబడిందనడం కన్నా సీటు ముందున్న పై గొట్టం మీద కూర్చుందనడం న్యాయం.

"ఇక్కడ నాలుగు వేళ్ల సందుండాలమ్మా," అంది మేడం. "నా చిటికెన వేలు కూడా దూరట్లేదు. రాళ్లలో గభాలున దిగావనుకో, ఈ గొట్టం ఎక్కడ తగులుతుందో చెప్పమంటావా?"

"వద్దు మేడం."

బాబాయి గోల్‌పోస్టు వంక శ్రద్ధగా చూస్తున్నాడు, దాని వెల్డింగు ఎవరిదో కనుక్కోవాలన్నట్టు.

మేడం చెడ్డ మనిషేం కాదు. గ్రౌండు గదిలోంచి చిన్న అల్యూమినియం సైకిలొకటి తోసుకొచ్చింది. "ఇది నా దగ్గర ఊరికే పడుంది. ఎక్కి చూడు." పిడుగు ఎక్కింది. కొలిచి చేసినట్టు సరిపోయింది. నాలుగు వేళ్లూ హాయిగా దూరాయి. "దీని మీద వచ్చెయ్. లేదంటే చెప్పు, ఏడో అతనికి ఫోన్ చేస్తాను. బట్టలు సర్దుకుని కూర్చున్నాడు పాపం."

"ఒక్క గంటలో చెప్తాను మేడం."

ఇంటికి నడుస్తుంటే సైకిలు బాబాయే తోశాడు. "ఆవిడ బండి తీసుకో," అన్నాడు. "నిక్షేపంలా ఉంది. రెండేళ్లు కాచుకున్నావు."

"మరి ఇదో?"

"ఏముంది, నేను తొక్కుకుంటా. కూరగాయలకి వెళ్లొచ్చు."

ఆయనకి సైకిలు తొక్కడం రాదని పిడుగుకి తెలుసు. తెలుసని ఆయనకీ తెలుసు.

పిన్ని వాళ్ల మొహాలు చూసి మిషను ఆపేసింది. సంగతి విన్నాక, "ఎంత తేడా?" అంది.

"నాలుగైదు సెంటీమీటర్లు."

"కొలత ఎవరు తీశారు?"

"నేనే. మూడుసార్లు తీశా పిన్నీ."

"ఎక్కడ?"

"షెడ్డులో."

"కాళ్లకేమేసుకుని?"

పిడుగు చూపు షెడ్డు వైపు పోయింది. పిన్ని లేచి, షెడ్డు గుమ్మం దగ్గరికెళ్లి, బూటు తిరగేసి, మెళ్లో టేపు తీసి అడుగు మందం కొలిచింది. "నాలుగున్నర," అని చదివింది, కోర్టులో తీర్పు చదివినట్టు. "ఈ ఇంట్లో ముందు గదిలో కూర్చుని ముప్పై ఏళ్లుగా ఊరందరి కొలతలూ తీస్తున్నా. ఒక్కళ్లంటే ఒక్కళ్లు నన్నడిగారా?"

బాబాయికి ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత స్టూలు మీద కూలబడి పగలబడి నవ్వాడు. "తప్పులు పట్టే ఉద్యోగమే నీది! మూడుసార్లటే, మూడుసార్లు!"

"నువ్వు పక్కనే ఉన్నావుగా!"

"నేనూ బూట్లలోనే ఉన్నానే తల్లీ!"

నవ్వు తగ్గాక పిడుగు మేడం సైకిలు గురించి ఆలోచించింది. దాంట్లో వంక పెట్టడానికేం లేదు. అది ఎక్కితే ఆదివారం ఖాయం. ఎక్కినప్పుడు ఏమనిపించిందో గుర్తు తెచ్చుకోబోతే మాత్రం, బాబాయి గోల్‌పోస్టు వంక చూస్తున్న మొహం తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

"పై గొట్టం కోసి కిందకి దించొచ్చా?" అనడిగింది.

బాబాయి నవ్వు ఆగిపోయింది. "కోస్తే అదే చోట మళ్లీ మంట పెట్టాలి. పల్చటి గొట్టం. ఓర్చుకోవచ్చు, ఓర్చుకోకపోవచ్చు. పోయిందంటే నీకు బండీ ఉండదు, చోటూ ఉండదు."

"చొక్కా బిగుతైతే నేను విప్పి కుడతానా, పారేస్తానా?" అంది పిన్ని. "ఉక్కన్నాక మళ్లీ అతుక్కోదా? లేకపోతే ఎందుకది?"

పిడుగు అప్పుడే మేడంకి ఫోన్ చేసింది. "మీ సైకిలు వద్దు మేడం. దీన్నే సరిచేసి తెస్తాం."

"శనివారం నాలుగింటికి. నాలుగూ అయిదుకి ఏడో అతనికి ఫోన్ చేస్తా," అంది మేడం. అది బెదిరింపు కాదు, టైంటేబులు.

శుక్రవారం పిడుగు సెలవు పెట్టింది. పిన్ని ఆమెని వట్టి కాళ్లతో ముందు గది నేల మీద నిలబెట్టి, ప్యాంటుకి తీసినట్టు టేపు పట్టి, కొలత పుస్తకంలో రాసింది. తర్వాత, పెళ్లయ్యాక మొదటిసారట, బూట్లు తొడుక్కుని షెడ్డులోకి అడుగుపెట్టింది. బాబాయి తెల్ల గీతల మధ్య తన నీలం సుద్దతో కొత్త గీత లాగింది.

"నా గీతల మీద గీస్తున్నావేంటి!"

"మీ గీతలు సరిగ్గా ఉంటే నేనెందుకొస్తాను?"

రంపం పెట్టేటప్పుడు బాబాయి మొహం పక్కకి తిప్పుకున్నాడు, చెయ్యి మాత్రం తిన్నగానే పోయింది. పాత గొట్టం ఖంగుమని కింద పడింది. మిగిలిన మొండిముక్కలు ఆకురాయితో నున్నగా అరగదీశాడు. సీటు గొట్టం పైనుంచి కూడా నాలుగున్నర సెంటీమీటర్లు తీసేశాడు. పిడుగుకి ఏదీ ఒకటే తెప్పించే అలవాటు లేకపోవడం వల్ల ఇంకో పై గొట్టం ఉంది. ఉన్నది అదొక్కటే.

దాని రెండు చివర్లూ అవతలి గొట్టాల ఒంపుకి సరిగ్గా కూర్చునేలా అరగదియ్యాలి. ఇన్నాళ్లూ ఆ పని బాబాయి కళ్లతోనే అంచనా వేశాడు. ఎక్కువ తీసేస్తే ఇంకో గొట్టం తీసుకునేవాడు. ఇప్పుడా ధైర్యం లేదు. ఆకురాయి పట్టుకుని, గొట్టం వంక చూస్తూ, పదినిమిషాలు అలాగే నిలబడ్డాడు.

"ఏమైంది?" అంది పిన్ని.

"గొట్టానికి గొట్టం అతకాలి. ఎక్కడిదాకా తియ్యాలో..."

"చొక్కా చెయ్యి భుజానికి అతకడమేగా?"

బాబాయి తలెత్తాడు. పిన్ని పాత పేపరు తెచ్చి, గొట్టం చివర ఓ చుట్టు చుట్టి, పెన్సిలుతో ఒంపు గీసి, కత్తెరతో కట్ చేసి, మళ్లీ తొడిగింది. అచ్చం చొక్కా చేతి పైభాగంలా ఉంది. "ఈ అంచు దాటకండి."

ఆయన దాటలేదు. అరగదీసి పెడితే గొట్టం రెండు వైపులా ఎంత చక్కగా కూర్చుందంటే, మధ్యలోకి వెలుతురు కూడా రాలేదు. బాబాయి గొట్టాన్ని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. "ముప్పై ఏళ్లు గోడ అవతలే ఉన్నావు," అన్నాడు.

"ఉన్నాగా. అడగాలి," అంది పిన్ని.

శనివారం మధ్యాహ్నం మంట పెట్టారు. ఇత్తడి పాకింది. గొట్టం ఓర్చుకుంది. రంగెయ్యడానికి టైము లేక, పైన నూనె రాసి, అలాగే నల్లటి మచ్చలతో తీసుకెళ్లారు. నాలుగింటికి మూడు నిమిషాలుండగా మేడం నాలుగు వేళ్లు దూర్చింది. అవి దూరాయి. గ్రౌండు మెట్ల మీదనుంచి కిందికి దిగమంది. పధ్నాలుగు మెట్లు. పిడుగు దడదడమని దిగి, కింద ఆగి, రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనించింది.

మేడం ఫోను జేబులో పెట్టేసింది. "రేపు అయిదున్నరకి," అంది. బాబాయి వైపు తిరిగి, "చూడ్డానికి మాత్రం దారుణంగా ఉందండీ," అంది.

"రంగేస్తే బావుంటుంది మేడం."

"వెయ్యకండి. ఎవరూ ఎత్తుకుపోరు."

ఆదివారం పదింటికి కొండ మీద రాతి వాలు వచ్చింది. ఇద్దరు దిగి నడిపించుకుంటూ పోయారు. పిడుగు సీటు పూర్తిగా కిందకి దించి, బరువు వెనక్కి వేసి, బ్రేకు వదిలింది. చక్రాలు రాళ్ల మీద ఎగిరిపడుతుంటే ఫ్రేము కింద ఎక్కడో మెత్తగా ఊగుతోంది. సగంలో ముందు చక్రం బండకి కొట్టుకుని ఆగిపోయింది. ఆమె చటుక్కున ముందుకి దూకి రెండు కాళ్ల మీద నిలబడింది. ఏదీ ఎక్కడా తగల్లేదు. మళ్లీ ఎక్కి కిందిదాకా వెళ్లింది.

అక్కడ సిగ్నలు ఉంది. ఫోన్ ఒక్కసారి మోగగానే ఎత్తాడు బాబాయి.

"ఏంటి, విరిగిందా?"

"లేదు బాబాయ్. పెద్ద వాలు దిగాను. అంతా తొక్కుకుంటూనే."

"అతుకు చూశావా?"

"లేదు."

"చూడు."

పిడుగు వంగి బురద తుడిచి చూసింది. వేలితో చుట్టూ తడిమింది. "ఏమీ లేదు. వెంట్రుకంత చీలిక కూడా లేదు."

అవతల వెనకాల పిన్ని, "ఏమంటోంది? స్పీకర్లో పెట్టండి, చెవికి అతికించుకున్నారేంటి!" అంటోంది.

"సరేలే, ఫోన్ పెట్టెయ్. నాకు పనుంది," అన్నాడు బాబాయి.

పెట్టలేదు. పిడుగూ పెట్టలేదు.

"ఇంకా వాలులున్నాయా?" అన్నాడు చివరికి.

"ఇంకా మూడున్నాయట."

"అయితే వెళ్లు. ఒక్కోటీ దిగాక ఫోన్ చెయ్యి." గొంతు సవరించుకున్నాడు. "పిన్ని అడుగుతోందిలే, నా కోసమేం కాదు."