పెదవికి తెలిసిన తీగ

గౌరయ్య తీగను కింది పెదవి మీద అడ్డంగా లాగి, కళ్ళు మూసుకుని, "ఇది గాదు" అన్నాడు. దాన్ని మళ్ళీ చుట్టలోకి చుట్టేసి ఇంకో చుట్ట విప్పాడు. నలభై ఏళ్ళు ఉలి, బాడిసె పట్టి ఆయన వేళ్ళ కొసలు కాయలు కాశాయి. ఏది సన్నమో ఏది దొడ్డో వాటికి తెలియదు. పెదవికి తెలుస్తుంది. మునగాల నుంచి ఆత్మకూరు దాకా భజన మండళ్ళ తంబురాలకు ఎక్కిన ప్రతి తీగా ముందు ఆ పెదవి మీద నడిచిందే.

"మీసం మొల్సిన కాడికెల్లి ఇన్మే రుసి సూస్తున్నడు" అంది భార్య ఆండాళు, గడపలో కూర్చుని బియ్యం చెరుగుతూ. "కూరల ఉప్పెక్కువైతె మాత్రం ఎర్క కాదు."

"ఎర్కయితది. చెప్తె అల్గుతవని చెప్త లేను."

అరుగు మీద పాత దుప్పటి పరిచి, దాని మీద గిటారు పడుకోబెట్టి ఉంది. పక్కన ఆనందం కూర్చున్నాడు. కోదాడలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. పొద్దున మొదటి బస్సుకే సూర్యాపేట వచ్చాడు. కాజీపేట రైల్వేలో పనిచేసిన మేనమామ పోతూ పోతూ అతనికిచ్చిన గిటారు అది. రెండేళ్ళ కిందట సైకిలు మీద నుంచి పడి ఎడమ మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది కానీ చివరి రెండు వేళ్ళకూ మునుపటి బలం రాలేదు. మందుసీసా బిరడా కూడా పళ్ళతో లాగుతాడు. బెజవాడ కొట్టువాడు దొడ్డు తీగలైతే కొంచెం నొక్కినా పెద్దగా పలుకుతాయని చెబితే, నమ్మి అవే వేయించాడు. వేళ్ళకు అవి అసలే లొంగలేదు. పైగా ఆ బిగువుకు గిటారు పొట్ట ఉబ్బి, తీగలను మోసే చెక్క గుర్రం ఊడి లేవబోతోంది.

"దీన్ని కొనడానికి రేపు పొద్దున బెజవాడ నుంచి ఆర్కెస్ట్రా అతను వస్తానన్నాడండీ. ఇచ్చేద్దామనే" అన్నాడు ఆనందం. "వాయించకుండా అటక మీద పెట్టుకోలేను. ఈ ఒక్కరోజు చూద్దామని వచ్చాను."

"డాక్టర్ సాబ్, నేను గిటారు ఎన్నడు ముట్టలే. ముందుగాలనే చెప్తున్న."

"తంబురా కట్టేవాళ్ళు ఇది కట్టలేరా అని మా ఆవిడే పంపిందండీ."

గౌరయ్య నవ్వాడు. గిటారు సంగతి తర్వాత, మనిషి సంగతి ముందు తెలుసుకోవడం ఆయన పద్ధతి. ఊరికే రాలేదు ఆ పద్ధతి. కుర్రతనంలో నడిగూడెంలో ఒక కథకుడు జాతరంతా వినపడాలని పట్టుబడితే, సరేనని దొడ్డు తీగ బిగించాడు. కథ నడుమ తంబురా మెడ ఫెళ్ళున విరిగి అతని దవడకు తగిలింది. జనం నవ్వారు. ఆ కథకుడు మళ్ళీ ఆ ఊళ్ళో కథ చెప్పలేదు. అప్పటి నుంచి గౌరయ్య ఎవరినీ ఎంత గట్టిగా పలకాలని అడగలేదు.

"ఎందరు ఇంటరు?"

"ప్రార్థన కూటమండీ. ముప్పైమంది ఉంటారు."

"ముప్పైమందికి ఏనుగు గొల్సులెందుకు? ఏదీ, ఆ రెండేళ్ళతోటి నా చెయ్యి మీద నొక్కు. నీకెంత శాతనైతె అంత."

ఆనందం ఆయన ముంజేతి మీద వేళ్ళు పెట్టి నొక్కాడు. ముఖం ఎర్రబడింది కానీ చర్మం మీద చిన్న సొట్ట మాత్రమే పడింది. గౌరయ్య వంగి ఆ సొట్టను చూశాడు.

"సాలు. నువ్వు పనులు సూస్కొని నాలుగ్గంటలకు రా."

ఆనందం లేవబోయి ఆగాడు. "మీ గోళ్ళు నల్లబడ్డాయేమండీ? ఒకసారి మా డాక్టరుగారికి చూపించుకోండి."

"ఐతారం నీ పాట ఇననీకె వస్త గదా. గప్పుడే సూపిచ్చుకుంట."

దొడ్డు తీగలు విప్పగానే గిటారు పొట్ట కిర్రుమంది. లేవబోతున్న గుర్రం కింద వజ్రం జిగురు పూసి, అదిమి కట్టి ఎండకు పెట్టాడు. పై స్థాయి మూడింటికీ ఉక్కు తీగలు దొరికాయి. ఒక్కోటీ పెదవి మీద లాగి, బిగించి, చిటికెన వేలితో నొక్కి చూశాడు. పొద్దుటి ఆ బలం గుర్తు పోకూడదని నడుమ నడుమ ఆండాళు ముంజేయి అందుకుని నొక్కేవాడు.

"గింతనే నొక్కిండు. ఇంకా జర తక్కువనే."

"పొద్దటిసంది నా చెయ్యి ఇడుస్తలేవు" అంది ఆండాళు. "పెండ్లయిన కొత్తల గూడ గిట్ల పట్టుకోలే."

"గప్పుడు మీ నాయిన ఎదురుంగ కూసునేటోడు."

కింది స్థాయి మూడు తీగలతోనే వచ్చింది చిక్కు. వాటికి పైన రాగి చుట్టు ఉండాలి. అంత సన్నవి ఎక్కడా దొరకవు. మిర్యాలగూడలో సాగర్ నీళ్ళు వచ్చాక లేచిన రైసుమిల్లుల్లో అల్లుడు వెంకటేశ్వర్లు ఫిట్టరు. కాలిపోయిన మోటార్ల నుంచి విప్పిన రాగి తీగ మామకని దాచి తెస్తాడు. దాన్ని తీశాడు గౌరయ్య. సన్న ఉక్కు తీగను ఒక కొస తలుపు మేకుకూ, ఇంకో కొస బెజ్జాలు వేసే చేతి బర్మాకూ కట్టాడు. ఆండాళు బర్మా తిప్పింది. తిరుగుతున్న ఉక్కు మీదికి ఆయన వేళ్ళ సందు నుంచి రాగి, వరస మీద వరస, సందు లేకుండా ఎక్కింది. ఎప్పుడు నిదానించాలో ఆమెకు చెప్పనక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా తిప్పుతోంది. రెండో తీగ దగ్గర ఆమే ఆపేసింది.

"ఏమైంది? రొప్పుతున్నవ్."

"గ్యాసు. తిప్పు."

లోపలికెళ్ళి వాము తెచ్చి అరచేతిలో పోసింది. నమిలాడు. మూడో తీగ కూడా చుట్టారు.

నాలుగింటికి ఆనందం వచ్చేసరికి ఆరూ ఎక్కించి ఉన్నాయి. గౌరయ్య స్తంభానికి ఆనుకుని, చేతిలో పట్టకారుతో కూర్చున్నాడు. "జర వాయించు. తీగె సాగాలె. సాగినంక కొసలు కోస్త."

ఆనందం గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. వెంటనే వాయించలేదు. ఉంగరపు వేలు తీగ మీద పెట్టి, అలా చూస్తూ ఉండి, నొక్కాడు. తీగ మెట్టుకు ఆనింది. చిటికెన వేలు కూడా పెట్టాడు. అదీ ఆనింది. కుడిచేత్తో మీటితే స్వరం పలికింది, చిన్నగా, ఏ జీరా లేకుండా.

"సప్పుడు చిన్నగైంది. ఏమనుకోకు" అన్నాడు గౌరయ్య.

"నా గొంతూ చిన్నదేనండీ" అన్నాడు ఆనందం.

ప్రార్థనల్లో పాడే పాట ఒకటి ఎత్తుకున్నాడు. రెండేళ్ళు మరిచిన వేళ్ళు తప్పటడుగులు వేశాయి, వెనక్కి వచ్చాయి, మళ్ళీ నడిచాయి. గౌరయ్య కళ్ళు మూసుకున్నాడు. పాట రెండోసారి తిరిగేటప్పుడు ఆండాళు చాయ్ తెచ్చింది.

"ఏమయ్యా, చాయ." ఆయన అందుకోలేదు. "నిద్ర వట్టినట్టుంది. పొద్దటిసంది నడుం వాల్చలే."

ఆనందం తలెత్తి చూశాడు. అలాంటి నిద్ర అతను ఎరుగును. గిటారు దుప్పటి మీద పెట్టి, దగ్గరగా ఉన్న ఎడమ చెయ్యి చాచి, ఆ రెండు వేళ్ళూ గౌరయ్య మణికట్టు మీద, నాడి చోట ఆనించాడు. నొక్కాడు. ఇంకొంచెం నొక్కాడు.

ఆండాళు అతని ముఖం చూసి చాయ్ గ్లాసు కింద పెట్టింది. "ఇంకోపారి సూడు బిడ్డా" అంది మెల్లగా. అతను ఇంకోసారి చూశాడు. ఆమె పక్కన కూర్చుని భర్త ముంజేతి మీద తన చెయ్యి వేసింది.

మర్నాడు బెజవాడ ఆర్కెస్ట్రా అతను కోదాడ నుంచి వట్టి చేతులతో తిరిగి వెళ్ళాడు. ఆదివారాలు కూటంలో గిటారు చివరి వరస దాకా వినపడేది కాదు, వెనకవాళ్ళు కొంచెం ముందుకు జరిగి కూర్చునేవారు. కొసలు గుచ్చుకుంటాయి, కోయించరాదా అని ఆనందం భార్య ఒకటి రెండుసార్లు అడిగి, తర్వాత తనే వాటి మొనలకు దారం చుట్టింది. గిటారు బిరడాల పైన జానెడేసి పొడుగున, ఆరు తీగల కొసలు, కోయకుండానే, అటొకటి ఇటొకటి వంగి ఉండేవి.