రైట్ బ్యాక్ చిలకమ్మ

మాడిన అన్నం వాసన చిలకమ్మ భరించలేదు. అదే ఆమె కొంప ముంచింది.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు ఖరగ్‌పూర్ రైల్వే మైదానంలో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ క్యాంపు పెట్టారు. ఆసియా ఆడవాళ్ళ పోటీల్లో అడుగుపెట్టాలంటే ముందు ఒక గ్రూపులో ఆడి నెగ్గాలి. ఆ గ్రూపులో మనతో పాటు మరో మూడు దేశాలున్నాయి. క్యాంపుకి పిలిచిన వాళ్ళలో పదహారుగురిని ఏరి విమానం ఎక్కిస్తారు. కలకత్తా నుంచి వచ్చిన మేనేజరు బిశ్వాస్‌దా మొదటి రోజే ఆ మూడు దేశాల పేర్లూ నల్లబల్ల మీద రాసి చూపించాడు. చిలకమ్మ ఇంట్లో అంట్లు తోముకుంటూ ఆ పేర్లని మంత్రంలా వల్లించుకుంది. ఖరగ్‌పూర్, విజయనగరం తప్ప మరో ఊరెరగని మనిషికి అవి నోట్లో తిరగడమే ఒక సంబరం.

ఆమె పుట్టింది ఖరగ్‌పూర్‌లోనే, నింపురా రైల్వే క్వార్టర్లలో. తండ్రి వర్క్‌షాపు జట్టుకి గోల్‌కీపరు. కొడుకులు లేని మనిషి కనక సాయంత్రాలు కూతురి చేత షాట్లు కొట్టించుకునేవాడు. పెళ్ళయ్యాక ఆ ఆట కాస్తా అటకెక్కింది. భర్త దేముడు అదే వర్క్‌షాపులో ఫిట్టరు, షాపు జట్టులో లెఫ్ట్ హాఫ్. వారం వారం అతని బురద జెర్సీ ఉతికి ఆరేసేది చిలకమ్మే. మిషన్ బడిలో డ్రిల్లు టీచరుగా చేసే ఎమిలీ, చిన్నప్పుడు ఆమెతో కలిసి ఆడిన మనిషి, పట్టుపట్టి మళ్ళీ మైదానానికి లాక్కొచ్చింది. ఇద్దరూ క్యాంపుకి ఎంపికయ్యారు. అత్త చిట్టెమ్మ మూడు రోజులు మూతి ముడుచుకుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఇంట్లో నువ్వేం గెలిచావని సాధించింది. తొడలు కనపడే లాగు తొడుక్కుని మగాళ్ళ ముందు పరిగెత్తే కోడలిని పైడితల్లి కూడా క్షమించదంది. దేముడు మాత్రం ఏమీ అనలేదు. ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ ఊరుకోవడాన్ని చిలకమ్మ ఒప్పుకోలు అనుకుంది. ఆడదానికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఎవరిస్తారు కనక.

మూడో రోజు క్యాంపు వంటవాడు చెప్పాపెట్టకుండా పోయాడు. అతని బదులు పెట్టిన వాడికి బొగ్గుల పొయ్యి మీద అంతమందికి అన్నం వార్చడం చేతకాలేదు. పొద్దున్నంతా ఎండలో పరిగెత్తిన పిల్లలు పళ్ళేల్లో మాడు ముద్దలు చూసి పక్కకి నెట్టేశారు. ఎవరూ చిలకమ్మని పిలవలేదు. ఎవరూ పని చెప్పలేదు. ఆమే లేచి, లాగు మీద తువ్వాలు చుట్టుకుని, పొయ్యి దగ్గరికి వెళ్ళి గరిటె అందుకుంది. మర్నాడు చింతపండు పిసికి చేపల పులుసు పెట్టింది. మణిపూర్ పిల్లలూ బెంగాలీ పిల్లలూ వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. బిశ్వాస్‌దా నువ్వు సాక్షాత్తూ అన్నపూర్ణవి అన్నాడు.

అన్నపూర్ణకి ఆకలెయ్యదనుకున్నాడో ఏమో, ఆ మర్నాటి నుంచి పొద్దుటి ప్రాక్టీసు సగంలో ఉండగానే ఈల వేసి ఆమెని బయటికి పిలిచేవాడు. చేపలొచ్చాయి చిలకా, కాస్త చూడు. మన ఇంట్లో మనిషివి కదా. మొదట్లో అరగంట ముందు పిలిచేవాడు, తర్వాత గంట ముందు, ఆ తర్వాత బూట్లు కట్టుకునే పనే లేకపోయింది. వడ్డించేవాడు మనవాడైతే కడపటి పంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేది తనే అయినా చిలకమ్మకి అడుగంటిన పులుసే మిగిలేది. ఆమె ఆడే రైట్ బ్యాక్ స్థానంలో కృష్ణానగర్ నుంచి వచ్చిన పిల్ల ఆడుతోంది. పాపం ఆ పిల్ల మంచిదే, కానీ ఎడమకాలి మీద నిలబడలేదు. పొయ్యి దగ్గర నుంచి అది చూసి చిలకమ్మ పళ్ళు కొరుక్కునేది. జట్టుని ఏరే పెద్దలు కలకత్తా నుంచి ఆదివారం వస్తారు. వాళ్ళ ఎదుట జరిగే ట్రయల్ మ్యాచ్‌లో ఆడని వాళ్ళకి విమానం లేదు. చేసిన సాయానికి బిశ్వాస్‌దా తనని మరిచిపోడులే అని సర్దిచెప్పుకుంది.

శనివారం గోల్‌బజార్లో దేముడి షాపు మేస్త్రీ గణపతిరావు ఎదురుపడ్డాడు. పెద్దాయన, మర్యాదస్తుడు. కూరల సంచీ చేతులు మార్చుకుంటూ ఆప్యాయంగా అడిగాడు.

"ఏటమ్మా, క్యాంపులో వంటపని పర్మనెంటు సేస్తారంతావా? దేముడు సెప్పినాడు, నీ సేతి వంట ఆలందరికీ తెగ నచ్చీసిందట గదా."

చిలకమ్మ బజారు పని సగంలో వదిలేసింది. ఏదో గొణిగి ఇంటికొచ్చేసింది. షాపు విడిచే సైరన్, ఆ భోంగా, మోగి మగాళ్ళు ఇళ్ళు చేరే దాకా వాకిట్లోనే కూర్చుంది. దేముడు వచ్చి కాళ్ళు కడుక్కున్నాక అడిగింది, మేస్త్రీతో ఏం చెప్పావని. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ తాపీగానే జవాబిచ్చాడు.

"మొదటి దినమే సెప్పినాను, క్యాంపులో వంటకి కుదిరినావని. మరేటి సెప్పమంతావు? నా పెళ్ళాం లాగు ఏసుకోని బంతి తన్నుతాదని సెప్పమంతావా? అయినా అందులో అబద్ధమేటున్నాది సిలకా. నువ్వు వొండతన్నావు గదా."

అతను కోప్పడలేదు. వెటకారమూ చెయ్యలేదు. ఉన్నమాట అన్నాడు, అందుకే అది గుండెలో దిగబడింది. తను గరిటె పట్టకముందే అతను ఆమెని వంటమనిషిని చేశాడు. ఆ అబద్ధాన్ని నిజం చేసింది మాత్రం తనే. ఎవరు తోశారు తనని పొయ్యి దగ్గరికి? క్యాంపులో అంతమంది మగాళ్ళున్నారు, కోచ్ ఉన్నాడు, డాక్టరున్నాడు, గ్రౌండు కాపలా మనిషి ఉన్నాడు. మాడిన అన్నం వాసన వాళ్ళ ముక్కులకీ తగిలే ఉంటుంది. ఒక్కడి ఒళ్ళూ కదల్లేదే! తన చెయ్యే ఎందుకు లేచింది? ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చేతికి ఇచ్చిన తర్ఫీదు అలాంటిది, ఎదుటివాళ్ళ కంచం ఖాళీగా ఉంటే తను తప్పు చేసినట్టు గరిటె వెతుక్కుంటుంది. పైగా అన్నపూర్ణ అంటే తనకీ తియ్యగానే ఉంది. ఎంత సిగ్గుచేటు! పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఒక్కరూ బాగుందనని పులుసుని ఎవరో పరాయివాడు బాగుందంటే, దానికి బదులుగా తన ఆటని తీసి అతని చేతిలో పెట్టేసింది. అందరి కడుపులూ చూసే మనిషి తన కాళ్ళ సంగతి మరిచిపోయింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఒళ్ళు మాత్రం భగ్గుమంది. అత్తకీ మొగుడికీ అన్నం పెట్టి, తన బూట్లు వెతికి తీసి, ఎండిన మట్టి గీకి, కొత్త తాళ్ళు ఎక్కించింది.

ఆదివారం పొద్దున్న వంటపాక ముందు గంపెడు రుయి చేపలు దిగాయి. బిశ్వాస్‌దా చేతులు నలుపుకుంటూ వచ్చాడు. పెద్దలు తొమ్మిదిమంది, నీ పులుసు కోసం ఎదురుచూస్తున్నారు, వంట అయ్యాక రెండో సగంలో దింపుతాను, నా మాట నమ్ము అన్నాడు. చిలకమ్మ చేపల వంక చూడలేదు. జెర్సీల కుప్పలోంచి రైట్ బ్యాక్ తొడుక్కునే రెండో నంబరు తీసి తల మీంచి తొడుక్కుంది.

"బిశ్వాస్‌దా, ఆమి ఖేల్తే ఎసేఛి," అంది. ఆడడానికి వచ్చానని అతని భాషలోనే చెబితే అర్థం కాలేదనడానికి వీల్లేదు కదా.

అతని మొహం నల్లబడింది. క్యాంపు నుంచి పంపించేస్తానని నెమ్మదిగా అన్నాడు. పంపించండి, మ్యాచ్ అయ్యాక వెళ్తానంది. ఆ మ్యాచ్‌కి కెప్టెన్‌గా పెట్టిన ఎమిలీ వచ్చి ఆమె పక్కన నిలబడి, మా రైట్ బ్యాక్ ఈవిడే అంది. కృష్ణానగర్ పిల్ల పక్కకి తప్పుకుంది. కుర్చీల్లో పెద్దలు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ఎదుట గొడవ పడలేక బిశ్వాస్‌దా గీత అవతలికి వెళ్ళాడు. అక్కడ షాపు వాళ్ళతో కలిసి మ్యాచ్ చూడ్డానికి వచ్చిన దేముడి చెవిలో ఏదో చెప్పాడు.

దేముడు టచ్ లైను దాకా వచ్చాడు. వెనక గణపతిరావు, ఇంకా పాతికమంది మనుషులు. రెండో నంబరు జెర్సీలో ఉన్న వంటమనిషిని వాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"సిలకా, పెద్దోలు తిండికి కూకున్నారట. పులుసు ఎవులు పెడతారే?" అన్నాడు గొంతు తగ్గించి.

చిలకమ్మ మాత్రం గొంతు తగ్గించలేదు. అటు షాపు వాళ్ళకీ ఇటు కుర్చీల వాళ్ళకీ వినపడేలా చెప్పింది.

"ఎవులికి ఆకలైతే ఆలు పెట్టుకుంతారు, మావా. నువ్వు గీత అవతలికి జరుగు, ఇది నా జాగా."