సోమవారపు దండెం

కీచు… కీచు…

తుప్పు పట్టిన గిలక. గిలక మీద తాడు. తాడు మీద తడి దుప్పటి. గాలి తగలగానే ఫట్టుమని ఒక చరుపు.

సబ్బు వాసన. దాని వెనకే సముద్రం వాసన.

సోమవారం.

ఫిలొమీనాకి సోమవారమంటే అదే. న్యూఫౌండ్లాండ్ తీరాన, ఆ రేవు ఊళ్లో పుట్టిన ఏ ఆడదానికైనా అదే. పొద్దున్న ఏడింటికల్లా ఇంటింటి వెనకా దండేలు నిండాలి. దుప్పట్లు ముందు, తువ్వాళ్లు తర్వాత, లోపలి బట్టలు ఆఖర్న. గిలక లాగేకొద్దీ దుప్పట్లు ఆ చివరికి పోతాయి, లోపలి బట్టలు ఇంటి గోడ పక్కన, ఊరికి కనపడకుండా ఉండిపోతాయి. ఎనిమిదైనా నీ దండెం ఖాళీగా ఉందంటే బద్ధకస్తురాలివి. తొమ్మిదైనా ఖాళీగా ఉందంటే…

తొమ్మిదైనా ఖాళీగా ఉందంటే, ఎవరో ఒకరు చేతులు తుడుచుకుంటూ నీ ఇంటికి బయల్దేరతారు.

ఇరవై రెండేళ్ల కిందట అలాగే వచ్చింది ట్రిఫీ పిన్ని. పక్కింటావిడ. నోరు మంచిది కాదు, మోకాళ్లు అసలే మంచివి కావు. తలుపు తోసుకొచ్చి, "ఏమే, బట్టలు ఆరెయ్యలేదేం?" అంటూనే వంటింట్లో నేల మీద నెత్తురు చూసింది.

కడుపులో బిడ్డ దక్కలేదు. ఫిలొమీనా దక్కింది.

దండెం ఖాళీగా ఉండబట్టి దక్కింది.

ఆ ఊరు ఇప్పుడు లేదు. ఇళ్లున్నాయి, మనుషుల్లేరు. చేపలు పోయాయి, పిల్లలు పోయారు, మిగిలినవాళ్లు కూర్చుని ఓటేశారు — పోదామని. సర్కారు కరెంటు తీసేసింది. ఊరికొచ్చే పడవ ఆపేసింది. ఫిలొమీనా మొగుడు అంబ్రోస్ పనిముట్ల పెట్టె సర్దుకున్నాడు. ఆమె దండెం విప్పుకుంది. నలభై అడుగుల తాడు, రెండు గిలకలు, చలికాలాల్లో పొయ్యి పక్కన కూర్చుని మామగారు చెక్కిన చెక్క క్లిప్పులు.

"అక్కడ తాళ్లు దొరకవటే?" అన్నాడు అంబ్రోస్.

"దొరుకుతాయి. ఇది దొరకదుగా!" అంది.

దేశానికి తూర్పు తీరం నుంచి పడమటి కొండల దాకా. కాల్గరీ.

ఆకాశం ఎక్కువ. సముద్రం సున్నా.

అంబ్రోస్‌కి పని ఇక్కడ కాదు, ఇంకా పైన, ఉత్తరాన చమురు గనుల్లో. మూడు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. అంటే మూడు వారాలు ఆమె ఒక్కతే. యాభై ఒకటో ఏట, ముక్కూ మొహం తెలియని ఊళ్లో, ఒక్కతే. ఆయన శుక్రవారం విమానమెక్కేలోపు ఇల్లు తేల్చుకోవాలి.

"గరాజు చూడు, పైకప్పు చూడు, కిటికీలు చూడు," అన్నాడు అంబ్రోస్.

ఆమె చూసింది ఒక్కటే. పడిపోతే… ఎవరొస్తారు?

శనివారం, రైలు పట్టాల అవతల పాత పేట. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. రంగులు వెలిసిపోయాయి. కానీ వెనక సందులో… దండేలు! ఒకటి కాదు, రెండు కాదు, సందు పొడుగునా. ఒక వాకిట్లో కూర్చున్న ముసలాయన ఆమె యాస విని కుర్చీలోంచి లేచి నుంచున్నాడు. "ఎవరి పిల్లవే నువ్వు?" అన్నాడు. మన తీరం వాడే. ఎక్కడున్నా మనవాళ్లు అడిగే మొదటి మాట అదే. ఆ పక్కన ఖాళీగా ఉన్న ఇంటి వెనక పాతిన స్తంభం కూడా ఉంది, గిలక తగిలించుకోవడమే తరువాయి.

ఆమె మనసు అక్కడే కూర్చుండిపోయింది. ఇంకేం చూడక్కర్లేదనుకుంది.

కానీ అంబ్రోస్‌కి మాటిచ్చింది, ఆయన మెచ్చిన పేట కూడా చూస్తానని. ఇళ్లు చూపించే అమ్మాయి కోర్ట్నీ సోమవారం పొద్దున్నే కారేసుకుని వచ్చి ఇద్దర్నీ ఎక్కించుకుంది.

పేట పేరు స్వాన్ హార్బర్.

హంస లేదు. రేవూ లేదు. ఉన్న చెరువు కూడా యంత్రాలతో తవ్వి నీళ్లు పోసిందే. రేవట! రేవు అంటే ఏంటో ఆ పేరు పెట్టినవాడికి చూపించాలి, ఫిబ్రవరిలో, పడవలో కూర్చోబెట్టి.

బూడిదరంగు ఇళ్లు. పక్కన బూడిదరంగు ఇళ్లు. దువ్వినట్టున్న గడ్డి. తొమ్మిది దాటింది, ఎండ బ్రహ్మాండంగా ఉంది, కొండల మీంచి పొడిగాలి రివ్వున వీస్తోంది. బట్టలకి అంతకన్నా మంచి రోజు దేవుడు పుట్టించలేదు.

ఒక్క దండెం లేదు.

ఒక వీధి. రెండో వీధి. మూడో వీధి. నలభై ఇళ్లు లెక్కపెట్టింది.

"ఊరంతా చావు పడిందా ఏంటమ్మా?" అంది.

కోర్ట్నీకి అర్థం కాలేదు. నవ్వింది.

ఫిలొమీనా నవ్వలేదు. ఆమె కాళ్లు ఆమె మాట వినలేదు. దగ్గర్లో ఉన్న తలుపు దగ్గరికి నడిచి దబదబా బాదింది.

చేతికర్రతో ఒక పెద్దావిడ తలుపు తీసింది. ఎనభై ఉంటాయి.

"ఇంట్లో అందరూ బాగున్నారాండీ? సోమవారం పూట దండెం ఖాళీగా ఉంటేనూ… ఎవరికైనా ఒంట్లో బాగోలేదేమోనని…"

పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసింది. "దండేలు పనికిరావమ్మా ఇక్కడ, పేట కమిటీ ఒప్పుకోదు. పద్నాలుగో నిబంధన. బట్టలు కనపడితే ఇళ్ల విలువ పడిపోతుందట."

తలుపు వేసెయ్యాలి కదా. వెయ్యలేదు.

ఆవిడ పేరు ఎడ్నా. ఆవిడ భర్త జనవరిలో పోయాడు. పోయినట్టు పక్కింటివాళ్లకి మార్చిలో తెలిసింది, మంచు ఎత్తే ముసలాయన కనపడట్లేదేంటని ఎవరో అనుకున్నాక. మంచివాళ్లే, పాపం, కార్డు పంపారు. ఆ తర్వాత ఈ తలుపు కొట్టింది పార్సిళ్లవాళ్లే.

"ఇవాళ నువ్వు," అంది ఎడ్నా.

ఫిలొమీనాకి కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ గడ్డి మీద, ఆ హంస మీద, ఆ పద్నాలుగో నిబంధన మీద. రెండు నెలలు! మనిషి పోయి రెండు నెలలు!

ఎడ్నా వంటింటి కిటికీకి ఎదురుగా ఒక మూల ఇల్లు అమ్మకానికి ఉంది. వెనక దొడ్డి వీధికి ఆనుకుని, గాలికి బార్లా తెరుచుకుని ఉంది.

"అది చూపించు," అంది కోర్ట్నీతో.

అంబ్రోస్ తల పట్టుకున్నాడు. "నీకేమైనా పిచ్చి పట్టిందా? మొన్నేగా పట్టాల అవతల ఇల్లు తప్ప చచ్చినా వద్దన్నావు! ఇక్కడ దండెం కట్టనివ్వరే తల్లీ!"

"అక్కడ దండేలున్నాయి, చూసేవాళ్లున్నారు. నేనెందుకు అక్కడ?"

"మరి నీకేమైనా అయితే?"

ఆమెకీ అదే భయం ఉంది. భయాన్ని మింగి, పద్నాలుగో నిబంధన చదివి, దాని కిందే సంతకం పెట్టింది. ఖాళీ ఇల్లు, తాళాలు వెంటనే ఇచ్చారు. గురువారం సాయంత్రం అంబ్రోస్ తిట్టుకుంటూ, చెమటలు కక్కుకుంటూ దొడ్లో స్తంభం పాతాడు.

కీచు… కీచు…

మొదటి సోమవారం కార్లు నెమ్మదించాయి. రెండో సోమవారం కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మూడో సోమవారం ఇంకో ఉత్తరం, కాస్త పెద్ద అక్షరాల్లో. దాన్ని చెక్క క్లిప్పుతో దుప్పటి పక్కనే తగిలించింది. తడి చేత్తో పట్టుకుంటే తడిసింది కదా మరి, ఆరాలి. కుక్కని తిప్పుకుంటూ పోయే పెద్దమనిషి ఒకాయన మొహం తిప్పుకునేవాడు. ఆమె మాత్రం తిప్పుకునేది కాదు. "ఏం బంగారం, బాగున్నావా?" అని అరిచేది. బంగారానికి అరవై ఏళ్లుంటాయి.

కిటికీలో ఎడ్నా చెయ్యి ఊపేది. అంతే. గడప దాటేది కాదు.

అక్టోబరులో చివరి ఉత్తరం వచ్చింది. గురువారం కమిటీ కూర్చుంటుంది, పేటవాళ్ల ఓటు అడుగుతుంది. స్తంభం పీకించే అధికారం వాళ్లకుంది.

ఆ గురువారానికి ముందొచ్చిన సోమవారం, ఉతికిన బట్టల బుట్టతో నేలకింది బేస్మెంటు మెట్లెక్కుతూ ఫిలొమీనా జారి అడుగున పడింది.

చీలమండ దగ్గర ఏదో చిటుక్కుమంది.

ఫోను పైన. అంబ్రోస్ గనుల్లో. మీద పడ్డ తడి దుప్పటి చల్లబడుతోంది. అరిచింది. బూడిదరంగు గోడలు మందం. ఎనిమిదైంది. తొమ్మిదైంది. ఇప్పుడు ఖాళీ దండెం చూసి అందరూ సంతోషిస్తూ ఉంటారు. హమ్మయ్య, దారికొచ్చింది అనుకుంటారు. ఆ ఆలోచనకి వచ్చినన్ని కన్నీళ్లు నొప్పికి రాలేదు.

పది.

కాలు నల్లబడుతోంది. ట్రిఫీ పిన్ని పోయి ఆరేళ్లయింది. ఇక్కడికి ఎవరొస్తారు? ఎందుకొస్తారు? నీ అంతట నువ్వే వచ్చి పడ్డావు కదే ఈ చోటికి…

వెనక తలుపు కిర్రుమంది. గడియ పెట్టుకునే అలవాటు ఆమెకి ఏ ఊళ్లోనూ రాలేదు.

పైన నేల మీద చేతికర్ర చప్పుడు. టక్. టక్. టక్.

"అమ్మాయ్! ఫిలొమీనా! బట్టలు ఆరెయ్యలేదేం?"

ఆమెకి ఏడుపొచ్చింది. పెద్దగా, సిగ్గు లేకుండా, ఊరు ఊరంతా వినపడేలా ఏడ్చింది.

అంబులెన్సు వాళ్లు స్ట్రెచరు మీద బయటికి మోసుకొచ్చేసరికి కొండల మీంచి గాలి మొదలైంది. వీధిలో నలుగురు చేరారు, కుక్క పెద్దమనిషితో సహా. గురువారం ఏమవుతుందో ఆమెకి తెలియదు. స్తంభం ఉంటుందో ఊడుతుందో, ఈ నలుగురిలో ఎవరు ఎటు చెయ్యెత్తుతారో తెలియదు.

కానీ ఎడ్నా ఏదీ?

దొడ్లో ఉంది. చేతికర్ర కంచెకి ఆనించి, బుట్ట ముందు పెట్టుకుని, జీవితంలో మొదటిసారి దండెం మీద బట్టలు ఆరేస్తోంది. అంతా తలకిందులు. లోపలి బట్టలు ముందు తగిలించింది. గిలక లాగేకొద్దీ అవి బారులు తీరి వీధి వైపుకి, ఆ చివరి దాకా, నలుగురి నెత్తి మీదికి…

"ఎడ్నాగారూ! అవి ఆఖర్నండీ!" అని అరిచింది ఫిలొమీనా.

"ఉండనీవే," అంది ఎడ్నా వెనక్కి తిరక్కుండానే. "చూడనీ."

కీచు… కీచు…

ఆఖరి దుప్పటి. ఒక చరుపు. ఫట్టుమని.