గోడకు ఆనించిన వెబ్‌సైట్

ఆ ఉదయం మబ్బు దిగింది గాని చినుకు పడలేదు. వార్నిష్ ఆరని రోజు. నిచ్చెనలు లోపలికి మోస్తుంటే మా బావ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఇవాళ తేలిపోతుందిరా బామ్మర్దీ!" అన్నాడు. వాన సంగతి అనుకున్నాను. కాదు, అల్లుడి సంగతి.

మాది నిచ్చెనలు చేసే షెడ్డు. బావ యజమాని. చెక్కపని నాది. ముందు గదిలో కంప్యూటరు, దాని ముందు కుర్చీలో బావ అల్లుడు. మా మేనకోడలి భర్త. షాపుకు వెబ్‌సైట్ కట్టింది అతనే. కట్టి ఏళ్లు గడిచాయి. దాన్ని చూసి వచ్చిన మనిషి ఒక్కడు లేడు. ఎవరైనా సెర్చ్‌లో నిచ్చెనలని కొడితే పక్క వీధి దుకాణం పైకి వస్తుంది. వాడి నిచ్చెన పిల్లి ఎక్కినా ఊగుతుంది. మాది ఎంత కిందికి వెతికినా కనబడదు.

అందుకని బావ, వెబ్‌సైట్లలో తప్పులు పట్టే ఒక ఆడిట్ మేడంను పిలిపించాడు. సైట్ బాగుపడటం పైకి చెప్పే కారణం. అల్లుడికి చేతకాదని బయటి మనిషి నోట చెప్పించి, ఆ కుర్చీలో తన అన్న కొడుకును కూర్చోబెట్టాలన్నది లోపలిది. కుర్చీ పోతే మేనకోడలూ అల్లుడూ మేడమీది గది ఖాళీ చేసి, బతుకు మరో చోట వెతుక్కోవాలి. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. అల్లుడికి ముందే తెలుసు.

మా షెడ్డులో ఒక పద్ధతుంది. ఏ నిచ్చెనైనా తయారయ్యాక గోడకు తిప్పి ఆనిస్తాం. బావ వచ్చి ప్రతి మెట్టూ ఎక్కి, దిగి, "సరే" అనాలి. అప్పటిదాకా బయటివాడి కంట పడకూడదు. సాధారణంగా ఆయన నోట ముందు వచ్చేది "ఇంకోసారి నున్నగా చెయ్యండి". పనివాళ్లు చాటున ఆయన్ని ఇంకోసారి గారనే పిలుస్తారు.

మేడం వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచింది. తెర నిండా ఎర్ర చుక్కలు లేచాయి, అమ్మవారు పోసినట్టు. బావ ముఖం వెలిగింది.

"సార్, మొదటి పేజీలో ఈ ఫోటో చాలా బరువు. తెరుచుకునేలోపు కొనేవాడు వెళ్లిపోతాడు."

ఆ ఫోటోలో బావ నిచ్చెన పక్కన చేతులు కట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. అప్పు తీసుకున్నవాడు అటే పారిపోయినట్టు.

"ఫోటో ఉండాలమ్మా. నన్ను చూసే కదా కొనేది!"

"మీరు అమ్మేదేంటి సార్?"

"నిచ్చెనలమ్మా!"

"ఆ మాట సైట్ మొత్తంలో ఎక్కడా లేదు. 'మానవాళిని మహోన్నత శిఖరాలకు చేర్చు సోపాన శిల్పి' అని ఉంది."

"నేనే రాశాను. నిచ్చెన అని అందరూ అంటారు."

"అందరూ అనేదే అందరూ వెతుకుతారు సార్."

బావ దగ్గాడు. "అది సరే, అల్లుడుగారు చేసిన తప్పు చెప్పండి."

మేడం ఇంకాస్త కిందికి వెళ్లి ఆగింది. "ఇదీ అసలు రోగం. సెర్చ్ వాళ్లు వస్తే, 'ఈ సైట్‌ను ఎవరికీ చూపించకండి' అని లోపలే రాసి ఉంది. తాళం వేసినట్టే."

"విన్నావా బామ్మర్దీ! షాపు పెట్టి షట్టరు దించాడంట!" బావ తొడ కొట్టుకున్నాడు. "అల్లుడుగారూ, ఆ తాళం తమరేనా వేసింది?"

"నేనే మామయ్యా."

"ఎందుకో?"

టీ తెచ్చిన మా అక్క గ్లాసులు బల్లమీద పెడుతూ అందుకుంది.

"ఎందుకేంటి, మీరు వెయ్యమన్నారు కాబట్టి. 'నిచ్చెనైనా సైటైనా మన దగ్గర ఒకటే పద్ధతి, నేను సరే అనేదాకా బయటివాళ్లకి కనపడకూడదు' అన్నారు. అప్పుడు నేనక్కడే కూరలు తరుగుతున్నా."

"అంటే మాత్రం! మరి నాకు రోజూ కనపడుతోందే?"

"మీరు అడ్రస్ కొట్టి తెరుస్తారు సార్," అంది మేడం. "ఇంటి మనిషి పెరటి తలుపులోంచి వచ్చినట్టు."

"నన్నడగొచ్చుగా!"

"అడిగాను మామయ్యా. ఒకసారి మీసం నల్లగా లేదన్నారు. ఇంకోసారి నిచ్చెన పొట్టిగా ఉందన్నారు. పొడుగుది పెడితే, దాని పక్కన మీరు పొట్టిగా ఉన్నారన్నారు."

షెడ్డులో చిత్రిక పట్టే చప్పుడు ఆగిపోయింది. ఎవడో నవ్వు ఆపుకోలేక తుమ్మినట్టు నటించాడు.

పాపం, నిచ్చెననైతే బావ ఎక్కి చూస్తాడు. దీన్ని ఎక్కడం ఎలాగో తెలియక, తెలియదని చెప్పలేక, మీసం సరిచేయిస్తూ కూర్చున్నాడు.

"ఆ తాళానికి ఒక్క టిక్కు తీసేస్తే చాలు సార్. తీయమంటారా?" అంది మేడం.

బావ ఫోటో వంక చూశాడు. "ఉండమ్మా. ఇంకోసారి చూసుకుని..."

అల్లుడు తన కంప్యూటరు మీదికి చెయ్యి చాచి నొక్కేశాడు.

"తీసేశాను మామయ్యా."

"నన్నడగలేదే!"

"అడగలేదు. రేపట్నుంచి ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారో మీ ఇష్టం. ఇది మాత్రం ఇక గోడకి ఉండదు."

తలుపు దగ్గర మేనకోడలు కదలకుండా నిలబడింది. బావ నోరు తెరిచాడు. అక్క వైపు చూస్తే ఆమె గ్లాసులు సర్దుతోంది. నావైపు చూశాడు. నా నోట్లో మేకులున్నాయి. పనిలో ఉన్నంతసేపూ ఉంటాయి. ఆ రోజు ఇంకాసేపు ఉంచుకున్నాను.

సెర్చ్‌లోకి రావడానికి కొన్నాళ్లు పడుతుందనీ, ఈలోపు ఫోటో చిన్నది చేసి నిచ్చెన అన్న మాట రాయమనీ చెప్పి మేడం వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అక్క అందరికీ వడ్డించింది. బావ తలవంచుకుని కలుపుకున్నాడు. అన్న కొడుకు పేరు ఎత్తలేదు. అల్లుడు ఆలస్యంగా వచ్చి, చేతులు కడుక్కుని, తన చోటే కూర్చున్నాడు. మేనకోడలు ముద్ద చేతిలోనే పట్టుకుని తండ్రి ముఖం చూస్తోంది.

బావ కూర గిన్నెను అల్లుడి వైపు జరిపాడు. పూర్తిగా కాదు, సగం దూరం. అల్లుడు చెయ్యి చాచి అందుకుని వడ్డించుకున్నాడు. మేనకోడలు ముద్ద నోట్లో పెట్టుకుంది.